ముందు చెల్లెలి సంతకం, తర్వాతే తిరుపతి ఫ్లాటు

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. బెంగళూరులో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. మా ఆవిడకు 58. పీఎఫ్, గ్రాట్యుటీ, ఎఫ్‌డీలు అన్నీ కలిపి కోటీ 5 లక్షలు ఉన్నాయి. పీఎఫ్ పెన్షన్ నెలకు 4,300. అబ్బాయి అమెరికాలో, అమ్మాయి హైదరాబాదులో ఉన్నారు. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా నాన్న సొంత సంపాదనతో కట్టించిన పాత ఇల్లు ఉంది, 55 లక్షలు పలుకుతుందంటున్నారు. అది అమ్మేసి తిరుపతిలో స్వామి పాదాల దగ్గర ఉండాలని కోరిక. చంద్రగిరి రోడ్డు వైపు పెద్దవాళ్ల కోసమే కడుతున్న కమ్యూనిటీలో డబుల్ బెడ్‌రూం ఫ్లాటు 62 లక్షలు. భోజనం, మెయింటెనెన్స్ ఇద్దరికీ కలిపి నెలకు 27,000. ఈ నెలలో అడ్వాన్సు కడితే 2 లక్షలు తగ్గిస్తారట. కొనమంటారా? నాన్న 2011లో పోయారు, వీలునామా లేదు. అమ్మ అంతకు ముందే పోయింది. పీలేరులో చెల్లెలు ఉంది, తను ఏమీ అడగదు లెండి.

జవాబు: మీరు అంత వివరంగా రాసిన ఉత్తరంలో అసలు విషయం ఆఖరి వాక్యంలో ఉంది. చెల్లెలు అడగదు, నిజమే కావచ్చు. కానీ ఆ ఇల్లు సగం ఆమెది. వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కొడుక్కీ కూతురికీ సమాన వాటా అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెబుతోంది. ఇంటి పన్ను మీ పేరున వస్తున్నా, ఇన్నేళ్లుగా రిపేర్లు మీరే చేయిస్తున్నా అది మారదు. కాబట్టి మీ చేతికి వచ్చేది 55 లక్షలు కాదు, 27.5 లక్షలు. మీరు వేసుకున్న లెక్కంతా ఆ తేడా దగ్గరే కూలిపోతుంది.

ఆమె తన వాటా వదులుకుంటానంటే నోటి మాట చాలదు. రిజిస్ట్రార్ ఆఫీసులో హక్కు విడుదల దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించాలి. లేదా ఇద్దరూ కలిసి సంతకం పెట్టి అమ్మాలి. అది లేకుండా మంచి కొనుగోలుదారు రాడు, వచ్చినా బ్యాంకు అతనికి లోను ఇవ్వదు. ఇక నా సొంత అభిప్రాయం, అడక్కపోయినా చెబుతున్నాను. సంతకం అడగబోయే ముందు ఇల్లు ఎంత పలుకుతోందో ఆమెకు చెప్పండి. ధర తెలియక పెట్టిన సంతకం మీద రేపు ఆమె పిల్లలు అడుగుతారు. ఆ రోజు మీ దగ్గర జవాబుండదు.

ఇప్పుడు ఫ్లాటు. 62 లక్షలన్నది బ్రోచర్ ధర మాత్రమే. ఇంకా కడుతున్నారు కాబట్టి 5 శాతం జీఎస్టీ, అంటే 3.1 లక్షలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అది 4.65 లక్షలు. దగ్గర దగ్గర 70 లక్షలైంది. కార్పస్ ఫండ్ (కమ్యూనిటీ నిర్వహణకు ముందే కట్టించుకునే నిధి), కార్ పార్కింగు, కరెంటు మీటరు, అల్మరాలు, ఫ్యాన్లు వేసుకుంటే 75 దగ్గర ఆగితే అదృష్టం. ఇక చేతిలో మిగిలేది 30 లక్షలు. అది మొత్తం పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేస్తే ఇప్పటి 8.2 శాతం వడ్డీ లెక్కన నెలకు 20,500 పడుతుంది. పెన్షనుతో కలిపి 24,800. వాళ్లడిగే 27,000కే చాలడం లేదు. మందులు, ఫోను, కరెంటు, మనవళ్లు వస్తే ఖర్చు ఇంకా అనుకోనే లేదు. చిత్తూరు ఇంట్లో మీ వాటా వచ్చాక కాస్త ఊపిరి ఆడుతుంది, అంతే.

పైగా ఆ 27,000 అలాగే ఉండదు. ఏడాదికి 7 శాతం పెరిగితే పదేళ్లకు 53,000. మీ వడ్డీ మాత్రం అయిదేళ్లపాటు కదలదు. ఆ తర్వాత రేటు పెరుగుతుందో తగ్గుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. రిటైరైన వాళ్లు డబ్బు లేక ఇబ్బంది పడటం తక్కువే చూశాను. డబ్బంతా గోడల్లో ఇరుక్కుపోయి ఇబ్బంది పడినవాళ్లను మాత్రం చాలామందినే చూశాను.

అదే ఫ్లాటు కొనకుండా తిరుపతిలో 15,000 అద్దెకు దిగారనుకోండి. ఏడాదికి 1.8 లక్షలు. 75 లక్షలు పెట్టి కొన్నా మీకు దక్కేది అదే గూడు. ఆ డబ్బు 7 శాతానికి బ్యాంకులో ఉంటే ఏడాదికి 5.25 లక్షలు వస్తుంది. సొంతిల్లు లేకపోతే ఎలా అని మీ ఆవిడ అంటారేమో. సగం చిత్తూరు ఇల్లు ఇంకా మీదే కదా.

డబ్బును ఇలా అమర్చమంటాను. సీనియర్ సిటిజన్స్ స్కీములో మీ పేరున 30 లక్షలు, అదే దాని గరిష్ఠ పరిమితి. మీ ఆవిడకు 60 నిండితేగాని ఆమె పేరున వేయలేరు, రెండేళ్లు ఆగాలి. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కం స్కీములో ఇద్దరి పేర్లతో జాయింటుగా 15 లక్షలు వేస్తే 7.4 శాతం చొప్పున నెలకు 9,250. పెన్షనుతో కలిపితే నెలకు 34,050 కదలని ఆదాయం. ఇంకా 60 లక్షలు మిగిలాయి. అందులో 10 లక్షలు ఆసుపత్రి అవసరానికి, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా. ఓ 35 లక్షలు వేర్వేరు గడువులతో ఎఫ్‌డీలు. అన్నీ ఒకే బ్యాంకులో పెట్టకండి, ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుంది. మిగతా 15 లక్షలు ఏడెనిమిదేళ్లు ముట్టుకోకుండా ఉండగలిగితే మ్యూచువల్ ఫండ్స్‌లో, విడతలుగా. ధరల పెరుగుదలను తట్టుకునేది అదొక్కటే. షేర్లంటే టెన్షన్ పడే మనిషైతే అందులో సగమే వేయండి, మార్కెట్ పడిన రోజు రాత్రి నాకు ఫోన్ చేయడం కన్నా అదే మేలు.

కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ రిటైర్మెంటుతోనే ఆగిపోయి ఉంటుంది. మీరు దాని గురించి ఒక్క ముక్క రాయలేదు, నాకు ఫ్లాటు కన్నా అదే భయం. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న నిబంధన 2024లో తీసేశారు. వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. 70 నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. కానీ మీకు ఇంకా తొమ్మిదేళ్లుంది. ఈ నెల అడ్వాన్సుకు తీసిపెట్టిన డబ్బులోంచి ముందు పాలసీ కట్టండి.

తిరుపతా, చిత్తూరా అన్నదానికి వస్తాను. స్వామి పాదాల దగ్గర అన్న కోరికను నేను లెక్కలతో కొట్టిపారేయను. నాది తిరుపతే. కానీ ఇక్కడివాళ్లం కొండెక్కేది మీరనుకున్నంత తరచుగా కాదు. సీనియర్ సిటిజన్ దర్శనం 65 నిండితేనే. స్థానికులకు ప్రత్యేక దర్శనం నెలలో మొదటి మంగళవారం, దానికి టోకెను తెచ్చుకోవాలి. ఇక బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి ఊళ్లో పాల ప్యాకెట్‌కు వెళ్లి రావడమే పెద్ద పని. ఈ వయసులో తిరుపతికి రావడానికి నేను చూసే కారణం వేరే ఉంది: స్విమ్స్ పెద్దాసుపత్రి, ఎముకలకు బర్డ్, అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి, రేణిగుంటలో విమానాశ్రయం. హైదరాబాదు నుంచి అమ్మాయి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి మీ పక్కన ఉంటుంది.

అలాగని చిత్తూరును తీసిపారేయకండి. మనవాళ్లకు పెద్ద జబ్బంటే వేలూరే, అక్కడి సీఎంసీ ఆసుపత్రి. చిత్తూరు నుంచి గంట ప్రయాణం. పేరు పెట్టి పిలిచేవాళ్లు, రాత్రి తలుపు కొడితే తీసేవాళ్లు గ్రీమ్స్‌పేటలో ఇంకా ఉంటే, దాని విలువ ఏ బ్రోచర్‌లోనూ రాయరు. లోపం ఒకటే, అక్కడ ఇల్లు అమ్ముడుపోవడం నిదానం. తిరుపతిలో యూనివర్సిటీలు, దేవస్థానం ఉద్యోగాల వల్ల అద్దెకు దిగే మనిషి దొరకడం తేలిక. చెన్నై, బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వే పేరు చెప్పి చిత్తూరు చుట్టూ ప్లాట్లు అమ్ముతున్నవాళ్ల మాట వినకండి. రోడ్డు వస్తే మీ ప్లాటు ముందు దిగుతారని రూలేమీ లేదు.

నా దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ టీచర్ దంపతుల సంగతి చెబుతాను. ఊరి చివర ఇలాంటి కమ్యూనిటీలోనే కొన్నారు. గాలి, చెట్లు, గుడి అన్నీ బాగున్నాయి. రెండో ఏడు ఆయన పోయారు. ఆమెకు బండి నడపడం రాదు, చీకటి పడితే ఆటో రాదు. కూతురి దగ్గరికి వెళ్లిపోదామని అమ్మకానికి పెడితే, 55 దాటినవాళ్లకే అమ్మాలని అగ్రిమెంటులో ఉంది, పైగా ధరలో కొంత శాతం ట్రాన్స్‌ఫర్ ఫీజు. ఏడాదిన్నర పట్టింది. తాళం వేసి ఉన్నన్ని నెలలూ మెయింటెనెన్స్ కడుతూనే ఉన్నారు. అందుకే మీరు ఎక్కడుంటే బాగుంటుందని కాకుండా, మీ ఆవిడ 75 ఏళ్ల వయసులో ఒంటరిగా ఎక్కడ నెట్టుకురాగలరని ఆలోచించండి. ఆ మాట ఆమెతో కూర్చుని మాట్లాడండి, నొప్పిగా ఉన్నా సరే.

అలాంటి కమ్యూనిటీలన్నీ మోసమని నా ఉద్దేశం కాదు. కోయంబత్తూరులో ఏళ్ల తరబడి బాగా నడుస్తున్నవి ఉన్నాయి. అక్కడ కట్టేవాడు వేరు, నడిపేవాడు వేరు అన్న సంగతి జనానికి తెలుసు. ఇల్లు ఎంత బాగా కట్టినా, వంటమనిషి, నర్సు, డ్రైవరు నిలవకపోతే అది మామూలు అపార్ట్‌మెంటే, కాస్త ఖరీదెక్కువ. రిటైర్మెంట్ హోమ్‌ల కోసం కేంద్ర గృహ నిర్మాణ శాఖ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్డరు, సేవలు నడిపే సంస్థ, కొనేవాడు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలంటుంది. మీ బిల్డరును ఆ ముగ్గురి ఒప్పందం చూపించమనండి. భవనం ఇంకా లేవనే లేదు, నర్సు మాత్రం 24 గంటలూ ఉంటుందట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, వెబ్‌సైటులో పూర్తిచేస్తామన్న తేదీ చూడండి. కొనేవాళ్ల నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలని రెరా చట్టం అంటుంది. మంచం పట్టిన మనిషిని అక్కడే ఉంచుతారా, పంపేస్తారా అని సూటిగా అడగండి. స్ట్రెచర్ లిఫ్టులో పడుతుందా చూడండి. ఇప్పటికే నడుస్తున్న కమ్యూనిటీ ఏదైనా ఉంటే, చెప్పకుండా మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్లి ఆ సాంబారు తినండి. మీకు 70 వచ్చాక రోజూ అదే తినాలి.

స్థలం కొని ఇండిపెండెంట్ ఇల్లు కట్టుకుందామన్న ఆలోచన వస్తే మాత్రం కాస్త ఆగండి. ఈ చుట్టుపక్కల డీకేటీ పట్టా భూములు (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి), మఠాల, దేవాలయాల భూములు చాలా ఉన్నాయి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా 22ఏలో సర్వే నంబరు ఉందా లేదా చూడకుండా రూపాయి ఇవ్వకండి. అంకణాల్లో ధర చెబితే అంకణమంటే ఎన్ని చదరపు అడుగులో అగ్రిమెంటులో రాయించండి. తిరుపతిలో 36, నెల్లూరు వైపు 72 అంటారు. ఇంకొకటి: తాతయ్యగుంట, కొర్లగుంట, తుమ్మలగుంట అన్న పేర్లు ఊరికే పెట్టలేదు. పేరులో గుంట ఉంటే మునుగుతుందని కాదు గానీ, 2021 నవంబరు వానలకు ఇక్కడ నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయని పక్కింటివాళ్లను అడగండి. అలాగే మే నెలలో ట్యాంకరు ఎన్ని రోజులకోసారి వస్తుందో కూడా.

చిత్తూరు ఇల్లు తొందరపడి అమ్మకండి అనడానికి పన్ను కారణం కూడా ఉంది. అమ్మిన లాభం మీద దీర్ఘకాలిక మూలధన లాభాల పన్ను 12.5 శాతం. 2024 జులై 23కు ముందు సంపాదించిన ఆస్తి కాబట్టి, ద్రవ్యోల్బణం సర్దుబాటు చేసి 20 శాతం లెక్క తక్కువైతే దాన్నీ ఎంచుకోవచ్చు. 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదన్న మాట ఈ లాభానికి వర్తించదు. ఆ లాభంతో వేరే ఇల్లు కొంటే మినహాయింపు ఉంది, కానీ అమ్మిన రోజు నుంచి రెండేళ్లలోపు కొనాలి, కట్టుకుంటే మూడేళ్లు. డిపాజిట్ ఇచ్చి ఉండే కమ్యూనిటీలు ఇల్లు కొనడం కిందకు రావు. ముందే అమ్మేస్తే ఆ గడువు మిమ్మల్ని తరుముతుంది. తరిమితే తప్పు ఇల్లు కొంటారు.

కాబట్టి అడ్వాన్సు కట్టకండి, 2 లక్షల తగ్గింపు పోతే పోనివ్వండి. తిరుపతిలో 11 నెలల అగ్రిమెంటుతో అద్దెకు దిగండి, ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక బ్రహ్మోత్సవం చూడండి. ఈలోగా చెల్లెలి పని పూర్తి చేసుకోండి. వచ్చే ఆదివారం మదనపల్లె మీదుగా పీలేరు వెళ్లేటప్పుడు నాన్నగారి డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి మూల దస్తావేజు జిరాక్సులు రెండేసి సెట్లు పట్టుకెళ్లండి. ఒకటి మీకు, ఒకటి ఆమెకు.