స్పీకర్లు కొనే ముందు ఫైబర్ వైరు పీకి చూడు

ఒరేయ్ చిన్నోడా,

కొత్తింట్లో హాలు, బెడ్రూములు, వంటిల్లు అన్నిచోట్లా ఒకే కంపెనీ వైఫై స్పీకర్లు పెట్టిస్తున్నావని వదిన చెప్పింది, కొటేషన్ కూడా తీసుకున్నావట. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు కదా, ఇవ్వకు. ముందు నేను చెప్పేది విను, తర్వాత నీ ఇష్టం.

సౌండ్ గురించి నాకేం పేచీ లేదు, అవి బాగానే మోగుతాయి. నేను అడిగేదల్లా ఆ స్పీకర్ల బుర్ర ఎక్కడుంది అని. ఏ పాట, ఏ గదిలో అని నిర్ణయించే సాఫ్ట్‌వేర్ నీ ఇంట్లో ఉందా, లేక ఎక్కడో కంపెనీవాడి సర్వర్లో ఉందా?

మా వంటింట్లో రెండు స్పీకర్లున్నాయి చూడు, పేరెందుకులే గానీ మంచి కంపెనీవే. రౌటర్ మార్చిన రోజు అవి మూగబోయాయి. కొత్త వైఫై పాస్‌వర్డ్ వాటికి చెప్పాలంటే యాప్ కావాలి, ఆ యాప్‌ని వాడు స్టోర్లోంచి తీసేశాడు, మీ పిన్ని ఫోనూ అప్పుడే మారింది. స్పీకర్ నిక్షేపంగా ఉంది, ముందు ఆరెంజ్ లైటు మాత్రం కొట్టుకుంటూ ఉంటుంది, దానికి నాలుగు అక్షరాలు చెప్పే దారి లేదు. రెండు రోజులు తల బద్దలుకొట్టుకుని చివరికి కొత్త రౌటర్‌కి పాత వైఫై పేరే, పాత పాస్‌వర్డే అక్షరం పొల్లుపోకుండా పెట్టా, అప్పుడు కలిశాయి. మా ఇంటికొచ్చినప్పుడల్లా నువ్వు నవ్వుతావే ఆ వైఫై పేరు చూసి, ఎప్పుడో మానేసిన కేబుల్‌వాడి పేరది, కథ ఇదీ. స్పీకర్ మీద నాలుగు బటన్లు, మూడింటికి రేడియో స్టేషన్లు పెట్టుకున్నాం, నాలుగోది ఖాళీ, ఇక ఎప్పటికీ ఖాళీయే.

పెద్ద కంపెనీ అయితే ఇలా జరగదనుకోకు. గూగుల్ 2015లో క్రోమ్‌కాస్ట్ ఆడియో అని, మామూలు స్పీకర్‌కి తగిలిస్తే వైఫైలో పాటలు మోగించే చిన్న బిళ్ల తెచ్చింది, 2019లో తయారీ ఆపేసింది, కొన్నవాళ్లు వాడుకుంటూనే ఉన్నారు. 2025 మార్చిలో ఒకరోజు పొద్దున్నే ప్రపంచమంతా అవి పనిచేయడం మానేశాయి, ఏంటయ్యా అంటే లోపలున్న పదేళ్ల డిజిటల్ గుర్తింపు సర్టిఫికెట్ గడువు అయిపోయిందట! కొన్ని రోజులకి అప్‌డేట్ ఇచ్చి బాగుచేశారనుకో, ఇవ్వకపోయుంటే? వైఫై స్పీకర్లు చేసే సోనోస్ కంపెనీ సంగతీ చూడు, 2020 మేలో పాత మోడళ్లకి అప్‌డేట్లు ఆపేసింది, 2024 మేలో కొత్త యాప్ వదిలితే అందులో అలారం లేదు, స్లీప్ టైమర్ లేదు, జనం గగ్గోలు పెట్టారు, 2025 జనవరికల్లా సీఈఓ దిగిపోయాడు.

ఇప్పుడు నా డబ్బా గురించి. స్లిమ్ డివైసెస్ అని అమెరికాలో చిన్న కంపెనీ, ఇంటి నెట్‌వర్క్ మీద పాటలు మోగించే డబ్బా స్క్వీజ్‌బాక్స్ అని చేసేది, 2006లో లాజిటెక్ కొనుక్కుంది. 2011లో ఆన్‌సైట్ వెళ్లినప్పుడు అందులో టచ్ అనే మోడల్ తెచ్చుకున్నా, మరుసటేడే మొత్తం ఆపేశారని చదివి ఉసూరుమన్నా. కానీ దాని సర్వర్ సాఫ్ట్‌వేర్ మొదట్నుంచీ ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు, వాడేవాళ్లు పట్టుకుని వదల్లేదు. 2024 మార్చిలో లాజిటెక్ ఆన్‌లైన్ సర్వీసు కూడా మూసేసింది, ఇంట్లో సొంత సర్వర్ నడుపుకునేవాళ్లకి మాత్రం పాటలు ఆగలేదు. ఇప్పుడు దాని పేరు లిరియన్ మ్యూజిక్ సర్వర్, అప్‌డేట్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. మీ తాతయ్య రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి పట్టిన భక్తిరంజని క్యాసెట్లు ఉన్నాయే, అవన్నీ నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లు చేసి అందులో పెట్టా, ఇవాళ పొద్దున కూడా మోగాయి, మధ్యలో నానమ్మ పాలు పొంగుతున్నాయని అరవడంతో సహా. అవి ఏ స్ట్రీమింగ్ యాప్‌లో దొరుకుతాయిరా?

కాబట్టి డెమోకి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యి. లాప్‌టాప్‌లో నీ ఫైళ్లు తీసుకెళ్లు, రౌటర్‌కొచ్చే ఫైబర్ వైరు పీకమను, వైఫై ఉంటుంది ఇంటర్నెట్ ఉండదు. స్పీకర్ కరెంటు ఓసారి తీసి మళ్లీ పెట్టమను, తర్వాత నీ ఫైల్ మోగించి చూపించమను. సేల్స్ అబ్బాయి నసిగాడా, లేచి వచ్చెయ్. ఇంకోటి, వెనక వైరుతో పాట ఇచ్చే ఆక్స్ సాకెట్ ఉందో లేదో చూడు, అదుంటే రేపు కంపెనీ చేతులెత్తేసినా కనీసం స్పీకర్‌గా మిగుల్తుంది.

నన్నడిగితే మామూలు యాంప్, మామూలు స్పీకర్లు కొను, ప్రతి యాంప్ వెనక ఒక రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, దానికి డిజిటల్ పాటని యాంప్‌కి అందేలా మార్చే డాక్ బోర్డు ఒకటి. అందులో పైకోర్‌ప్లేయర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వెయ్యి, దాంతో అది నా స్క్వీజ్‌బాక్స్‌లాగే ఆ లిరియన్ సర్వర్ నుంచి పాటలు మోగిస్తుంది. అది మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి మన కరెంటు కోతలకి మెమరీ కార్డు పాడయ్యే భయం తక్కువ, నేను మొదట్లో మామూలు లైనక్స్ వేసి రెండు కార్డులు తగలేశా. అన్ని గదుల్లో ఒకే పాట కలిసి రావడం కూడా ఇందులో వస్తుంది.

కష్టాలూ చెప్పాలిగా. ఏదైనా ఆగిందంటే కస్టమర్ కేర్ నువ్వే. మీ పిన్ని మూడు నెలలు నన్ను తిట్టిపోసింది, ఫోన్లో షార్ట్‌కట్ పెట్టిచ్చాక గానీ ఊరుకోలేదు. సావన్ లాంటి పాటల యాప్‌లు నేనిప్పటికీ బ్లూటూత్‌లోనే వింటా. కోడలికి నోటితో చెబితే పాట రావాలంటే వంటింట్లో ఒక్కటి ఆ కంపెనీదే పెట్టుకో, తప్పులేదు, ఒక్కటి పోతే పెద్ద నష్టం కాదు, ఇంట్లో అన్నీ పోతేనే.

అన్నట్టు గోడలకి ప్లాస్టరింగ్ అయ్యిందా? కాకపోతే ప్రతి గదికీ లాన్ కేబుల్‌కో పైపు, స్పీకర్ వైరుకో పైపు వేయించు, కరెంటు పైపులో కలపనివ్వకు. ఎలక్ట్రీషియన్ ముప్పావంగుళం చాలంటాడు, వినకు, అంగుళం పైపు వెయ్యమను, లోపల లాగడానికి జీఐ తీగ కూడా వదిలేయమను. ఆదివారం ప్లాన్ కాగితం వాట్సాప్‌లో పెట్టు, ఎక్కడెక్కడో గీసి పంపిస్తా.

మీ బాబాయ్