సోవియట్ కాలం నాటి ప్రాసెసర్లు ఎందుకు సేకరిస్తారు? అవన్నీ ఇంటెల్ కాపీలే కదా?

ప్రశ్నలో "అవన్నీ" అన్నారు చూడండి, నాకు పేచీ అక్కడే. కాపీలు ఉన్నాయి, ఎవరూ కాదనరు. కేఆర్580వీఎం80ఏ అనే సోవియట్ చిప్ అంటే 1974లో ఇంటెల్ తెచ్చిన 8080 ప్రాసెసర్‌ని చూసి చేసిందే, 1810వీఎం86 అంటే ఇంటెల్ 8086. మరి 1801వీఎం1 సంగతేంటి? మాస్కో పక్కన జెలెనోగ్రాద్‌లో సొంతంగా డిజైన్ చేసుకున్న 16 బిట్ చిప్ అది. ఆ సిరీస్‌లో మొదట చేసిన చిప్‌కి ఇన్‌స్ట్రక్షన్ సెట్ (చిప్‌కి అర్థమయ్యే ఆదేశాల జాబితా) కూడా వాళ్ళదే, ఎలక్ట్రోనికా ఎన్‌సీ అని. తర్వాత పైనుంచి ఆర్డర్ వచ్చి వీఎం1కి వచ్చేసరికి అమెరికాలో డెక్ కంపెనీ తన పీడీపీ-11 కంప్యూటర్లలో వాడిన ఇన్‌స్ట్రక్షన్లకి మార్చేశారు, లోపల సర్క్యూట్ మాత్రం వీళ్ళదే. బీకే-0010 అనే ఇంటి కంప్యూటర్లో ఇదే ఉండేది. దాని తమ్ముడు వీఎం2 అయితే బడి పిల్లల కోసం చేసిన యూకేఎన్‌సీ మెషిన్లో ఏకంగా రెండు ఉంటాయి, ఒకటి 8 మెగాహెర్ట్జ్ మీద అసలు ప్రోగ్రామ్ నడిపిస్తుంటే ఇంకోటి 6.25 మీద స్క్రీన్, కీబోర్డ్, డిస్క్ చూసుకుంటుంది. 80ల్లో స్కూలు బెంచీ మీద రెండు ప్రాసెసర్ల మెషిన్ ఇంకెక్కడ పెట్టారో చెప్పండి.

నాకు ఈ పిచ్చి కీవ్‌లో చదువుకునేటప్పుడు పట్టింది. మన తెలుగు పిల్లలు చాలామంది ఉండేవాళ్ళం అక్కడ, అందరూ ఆదివారం బట్టలకీ బూట్లకీ బజారుకి వెళ్తే నేను కరవాయెవి దాచి స్టేషన్ పక్కన ఉండే రేడియో మార్కెట్‌కి వెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక తాత బల్ల మీద పాత చిప్పులు అట్టపెట్టెల్లో సర్దుకుని కూర్చునేవాడు, చిప్పులు చేసే ఫ్యాక్టరీలోనే టెస్టింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైర్ అయ్యాడట. నేను కూడా అప్పుడు మీలాగే, "ఇది 8080 కాపీయే కదా తాతా" అన్నాను. ఆయన కోప్పడలేదు. ఒక 580వీఎం80, ఒక ఇంటెల్ 8080 తీసి పక్కపక్కన పెట్టి మొదటి కాళ్ళు (పిన్నులు) రెండూ సమానంగా కలిపాడు. ఇటు చివరికొచ్చేసరికి రెండూ కలవట్లేదు, ముప్పావు మిల్లీమీటర్ తేడా! ఎందుకంటే అమెరికా వాళ్ళు అంగుళాల్లో లెక్కేసి కాలుకీ కాలుకీ మధ్య 2.54 మిల్లీమీటర్లు పెడితే వీళ్ళు 2.5 పెట్టారు, ఒక వరసలో 20 కాళ్ళు కాబట్టి ఆ కాస్తా కాస్తా కలిసి అంత అవుతుంది. "బాబూ, మా దగ్గర మిషన్లు వేరు, కెమికల్స్ వేరు, కొలతలు వేరు. వాళ్ళ చిప్ పొరలు ఊడదీసి ఫోటోలు తీసినంత మాత్రాన మా ఫ్యాక్టరీలో చిప్ తయారైపోదు, అది పనిచేసేదాకా మాకు నిద్రల్లేవు" అన్నాడు. ఆ మాటతో నా నోరు మూతపడింది.

ఇంతలో పక్క బల్ల దగ్గర తక్కెడ పెట్టుకున్నవాడు పింగాణీ బాడీ, బంగారు పూత కాళ్ళు ఉన్న చిప్పుల్ని దోసిళ్ళతో ఎత్తి కిలోల లెక్కన తూస్తున్నాడు. కరిగించడానికి! సోవియట్ చిప్పులతో పాటు ఒక చిన్న కాగితం ఇచ్చేవాళ్ళు, పాస్‌పోర్ట్ లాంటిది, అందులో చిప్ వివరాలతో పాటు వెయ్యి చిప్పుల్లో బంగారం ఎన్ని గ్రాములో కూడా ప్రింట్ చేసి ఉంటుంది. ప్రభుత్వ లెక్కల కోసం రాసుకున్న ఆ కాగితమే ఇవాళ కరిగించేవాడికి రేటు కార్డ్ అయింది. నాకు ఒళ్ళు మండేది దీనికే. యాసిడ్‌లో చిప్పులు వేసి బంగారం తీసే వీడియోలు లక్షలమంది చూస్తారు, అందులో కరిగిపోతున్నది ఏ సిరీస్, ఏ సంవత్సరం అని ఒక్కడూ అడగడు. 70ల చివర్లో వచ్చిన 48 కాళ్ళ 580ఐకే80లు (580వీఎం80కి పాత రూపం, తర్వాత అదే 40 కాళ్ళదైంది) ఇలాగే ఎన్ని పోయాయో.

ఇంకో విషయం, ఎవరితో మాట్లాడినా డెక్ వాళ్ళ సీవ్యాక్స్ చిప్ కథ ఎత్తుతారు. సోవియట్ వాళ్ళు ఎలాగూ ఊడదీసి చూస్తారని తెలిసి దాని మీద మైక్రోస్కోప్‌లో తప్ప కనపడనంత చిన్నగా, తప్పుల రష్యన్‌లో, దొంగిలిస్తే మంచిదే దొంగిలించాలి అనే అర్థం వచ్చేలా రాశారు, నిజమే. అది చెప్పి నవ్వేవాళ్ళు, అమెరికా, దాని మిత్రదేశాలు కలిసి సోవియట్ వైపు టెక్నాలజీ పోకుండా పెట్టిన కోకామ్ ఆంక్షల సంగతి చెప్పరు. అమ్మకుండా తలుపులు మూసింది వాళ్ళే కదా. అయినా నా దృష్టిలో సోవియట్ వాళ్ళు చేసుకున్న పెద్ద నష్టం కాపీ కొట్టడం కాదు, జెలెనోగ్రాద్ లాంటి చోట సొంత బుర్రలు ఉండి కూడా వాళ్ళని ఆ దారిలో ముందుకు పోనివ్వకపోవడం. వీఎం1 చేతిలో పట్టుకుంటే నాకు అదే గుర్తొస్తుంది, అందుకే సేకరిస్తాను.

మీకు మొదలుపెట్టాలని ఉంటే ప్లాస్టిక్ బాడీ కేఆర్580తో మొదలుపెట్టండి, చవక, లక్షణంగా దొరుకుతాయి, పైన ముద్రలో చిప్ పేరు కాకుండా నాలుగంకెల తేదీ కోడ్ ఉంటే దాని మొదటి రెండంకెలు తయారైన సంవత్సరం. ఆన్‌లైన్‌లో "అత్యంత అరుదైనది" అని రాసినవాటిల్లో సగం మామూలువే, పాత ముద్ర గీకేసి కొత్తది వేసి అమ్మేవాళ్ళూ ఉన్నారు, అక్షరాలు మరీ తెల్లగా మెరుస్తుంటే వదిలేయండి. వీఎం1 దొరికితే మాత్రం బోర్డుతో సహా తీసుకోండి, అమ్మేవాడు ఊడదీసి ఇస్తానన్నా వద్దనండి.