ఫ్రీగా పెట్టిన చిప్సే మిగిలాయి: ఆన్ ది బోర్డర్ కథ

మీ ప్రశ్న: డాలస్ చుట్టుపక్కల ఒకప్పుడు ఎక్కడ చూసినా కనిపించిన ఆన్ ది బోర్డర్ టెక్స్-మెక్స్ హోటళ్ళు ఎందుకింత తగ్గిపోయాయి? ఐపీ పెట్టారంటున్నారు, నిజమేనా?

నిజమే. 2025 మార్చిలో పెట్టారు. కాకపోతే ఐపీ అనగానే మనకు రాత్రికి రాత్రి తాళం వేసి ఊరొదిలిపోయిన చీటీల వ్యాపారి గుర్తొస్తాడు. ఇది అలాంటిది కాదు. వీళ్ళు పెట్టింది అమెరికా దివాలా చట్టంలోని చాప్టర్ 11 కింద. అంటే, కోర్టు నీడలో కొట్టు నడుపుకుంటూనే అప్పులవాళ్ళతో తేల్చుకోవడం, గిట్టుబాటుకాని అద్దె ఒప్పందాలు వదిలించుకోవడం, కొనేవాడు దొరికితే అమ్మేయడం. ఇక్కడ జరిగింది కూడా అదే. కోర్టుకెళ్ళే ముందే దాదాపు 40 బ్రాంచీలు మూసేశారు. మిగిలిన దాదాపు 60 బ్రాంచీలతో కోర్టు మెట్లెక్కారు. ఆ తర్వాత రెండు నెలలకు హ్యూస్టన్‌కి చెందిన పాపస్ రెస్టారెంట్స్ వాళ్ళు కొనుక్కున్నారు. పాపసీటోస్, పాపడో అనే హోటళ్ళు నడిపేది వాళ్ళే.

నేను రెస్టారెంట్ వ్యాపారం చేసినవాడిని కాదు. డాలస్ పక్కనే అర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏళ్ళ తరబడి అక్కడ తిన్న అనుభవంతోనూ, వార్తలు చదివిన జ్ఞానంతోనూ చెబుతున్నాను.

2013లో, ఉద్యోగంలో చేరిన రెండో వారం, టీమ్ లంచ్ అంటే వెళ్ళాను. కూర్చోగానే, ఎవరూ ఏమీ అడక్కుండానే, ఒక బుట్ట నిండా వేడి వేడి మొక్కజొన్న చిప్స్, పక్కన గిన్నెలో సాల్సా తెచ్చి పెట్టారు. నేను చెయ్యి వెయ్యలేదు. మన దగ్గర టేబుల్ మీద నీళ్ళ సీసా పెట్టి, మూత తీయగానే బిల్లులో వేసే హోటళ్ళు చూసొచ్చినవాణ్ణి కదా. ఆకలి నకనకలాడుతున్నా మెనూ చూస్తున్నట్టు నటిస్తున్నాను. పక్కన కూర్చున్న ఖమ్మం అన్న కనిపెట్టేశాడు. "ఏం తమ్ముడూ, బిల్లు భయమా? ఫ్రీనే, కానిచ్చెయ్" అన్నాడు. అంతే. సాల్సా నాలిక మీద పడగానే మా అమ్మ చేసే కాల్చిన టమాటా రోటి పచ్చడి గుర్తొచ్చింది, చింతపండు బదులు నిమ్మరసం పిండినట్టు. మూడు బుట్టలు ఖాళీ చేశాం. అసలు ఆర్డర్ చేసిన ఎంచిలాడాలు వచ్చేసరికి పొట్టలో చోటు లేదు, డబ్బాలో కట్టించుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఈ చిప్స్ బుట్ట సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

టెక్స్-మెక్స్ అంటే మెక్సికో వంట కాదు. టెక్సస్‌లో స్థిరపడిన మెక్సికన్ మూలాల కుటుంబాలు అక్కడ దొరికే పసుపు చీజ్, గొడ్డు మాంసం, గోధుమ పిండితో చేసుకున్న వంట. అందులో జీలకర్ర దండిగా పడుతుంది. మన నాలికకు ఇట్టే పట్టుకోవడానికి కారణం అదేనని నా అభిప్రాయం. ఫహీతా చరిత్ర చూడండి. అది పశువు పొట్ట దగ్గరి చవక కండ. దక్షిణ టెక్సస్‌లో పశువులు కాసేవాళ్ళకు దక్కే ముక్క. 1973లో హ్యూస్టన్‌లో నిన్ఫా లారెంజో అనే ఆవిడ తన చిన్న హోటల్లో దాన్ని కాల్చి, టోర్టియా అనే పల్చటి రొట్టెలో చుట్టి అమ్మి పేరు తెచ్చింది. దానికి రెండేళ్ళ ముందే, 1971లో, డాలస్‌లో మరియానో మార్టినెజ్ ఐస్‌క్రీమ్ తీసే మెషిన్‌ని మార్చి మంచులాంటి మార్గరీటా (టకీలా మందు కలిపిన పానీయం) తీయడం మొదలుపెట్టాడు. ఆ మెషిన్ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇనప పెనం మీద చుయ్‌మనే ఫహీతా, చేతిలో చల్లటి మార్గరీటా: ఈ రెండూ కలిసి 80ల్లో ఊపందుకున్నాయి. సరిగ్గా ఆ ఊపులో, 1982లో, డాలస్ నాక్స్ స్ట్రీట్‌లో ఆన్ ది బోర్డర్ పుట్టింది.

1994లో చిలీస్ హోటళ్ళు నడిపే బ్రింకర్ కంపెనీ కొంది. అక్కడి నుంచి పరుగే. కొత్త మాల్ ఎక్కడ లేస్తే అక్కడ ఒక బ్రాంచి. చివరికి దక్షిణ కొరియాలో కూడా తెరిచారు. 2010లో బ్రింకర్ దాన్ని గోల్డెన్ గేట్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మేనాటికి నూట యాభైకి పైనే ఉన్నాయి. 2014లో మళ్ళీ చేతులు మారి, అట్లాంటాకు చెందిన ఆర్గాన్ క్యాపిటల్ దగ్గరికి వెళ్ళింది. అంటే నేను మొదటిసారి చిప్స్ తిన్న ఏడాది ఒక యజమాని, మరుసటి ఏడాది ఇంకో యజమాని. మాకేం తెలుసు, బుట్ట అలాగే వస్తోంది కదా.

మరి ఎందుకు దెబ్బతింది? కోర్టులో వాళ్ళు చెప్పుకున్న కారణాలు అందరూ చెప్పేవే: ధరలు పెరిగాయి, జీతాలు పెరిగాయి, బయట తినేవాళ్ళు తగ్గారు. అబద్ధం కాదు. కానీ అదే ఊళ్ళో అవే ధరలతో బాగా నడుస్తున్న టెక్స్-మెక్స్ హోటళ్ళు కూడా ఉన్నాయి కాబట్టి, నాకు కనిపించిన రెండు మూడు సంగతులు చెబుతాను.

ఒకటి, ఫహీతా పార్సిల్‌కి పనికిరాదు. దాని సగం రుచి ఆ చప్పుడూ, ఆ పొగా. వెయిటర్ పెనం పట్టుకుని నడిచొస్తుంటే నాలుగు టేబుళ్ళవాళ్ళు తలలు తిప్పి చూస్తారు, అందులో ఇద్దరు "మాకూ అదే" అంటారు. అదే వంట ప్లాస్టిక్ డబ్బాలో, అరగంట తర్వాత, గుమ్మం ముందు దిగితే ఉల్లిపాయలూ క్యాప్సికమ్ వేపుడులా ఉంటుంది. కరోనా తర్వాత జనం చాలా తిండి ఫోన్లోనే ఆర్డర్ చేస్తున్నారు. పిజ్జాకి, బిర్యానీకి ఆ ఇబ్బంది లేదు.

రెండు, మధ్యలో ఇరుక్కుపోవడం. తొందరగా, చవగ్గా కావాలంటే చిపోట్లే అనే ఫాస్ట్‌ఫుడ్ చెయిన్ ఉంది. రుచి కావాలంటే ఏ స్ట్రిప్ మాల్ చివరో ఒక కుటుంబం నడిపే టకేరియా (టాకోల కొట్టు) ఉంది, అక్కడ టోర్టియా మన కళ్ళ ముందే వత్తుతారు. ఈ రెంటి మధ్యలో పెద్ద హాలు, పెద్ద అద్దె, గంటన్నర భోజనం. దానికి జనాన్ని తెచ్చేది ఆఫీసు లంచ్‌లూ, పుట్టినరోజులూ.

మూడోది చెప్పాలంటే కాస్త మొహమాటంగానే ఉంది. మేమే మానేశాం. ఇంటి నుంచి పని మొదలయ్యాక టీమ్ లంచ్‌లు పోయాయి. మళ్ళీ ఆఫీసుకు వచ్చేసరికి అర్వింగ్‌లో, ఫ్రిస్కోలో వీధికో తెలుగు హోటల్. రాగి సంకటి, నాటుకోడి పులుసు దొరుకుతుంటే బుర్రీటో ఎవడికి కావాలి? అయినా మాలాంటి బేరాలతో వాళ్ళు ఏనాడూ బాగుపడి ఉండరు లెండి. ఇలాంటి హోటళ్ళకు లాభం మార్గరీటాలో ఉంటుంది. మేమేమో ఎనిమిది మందిమి వెళ్ళి, ఎనిమిది మంచినీళ్ళు చెప్పి, చిప్స్ బుట్టలు నాలుగుసార్లు నింపించుకుని వచ్చేవాళ్ళం. టిప్ మాత్రం సరిగ్గా ఇచ్చేవాళ్ళం, ఖమ్మం అన్న ఊరుకునేవాడు కాదు.

ఇక ఆ బుట్ట. హోటల్లో ఫ్రీగా పంచిన ఆ చిప్స్‌ని అదే పేరుతో ప్యాకెట్లలో వేసి, సాల్సా, కేసో (చీజ్ సాస్) సీసాలతో పాటు అమ్మే కంపెనీ వేరే ఉంది. పేరు ట్రూకో. 2020లో పెన్సిల్వేనియా చిప్స్ కంపెనీ అట్జ్, ఆ ట్రూకోనీ, ఆ ప్యాకెట్ల మీద వాడుకునే పేరు హక్కుల్నీ కలిపి 48 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. హోటల్ కోర్టుకెక్కింది, చిప్స్ మాత్రం గ్రోసరీ అరల్లో దర్జాగా ఉన్నాయి. మా ఇంట్లో ఇప్పుడు కూడా ఒక ప్యాకెట్ ఉంది, మా అబ్బాయి గోంగూర పచ్చడిలో ముంచుకు తింటాడు.

ఇది కొత్త విషయమేం కాదు. 1975లో మినియాపొలిస్ దగ్గర మొదలైన చీచీస్ అనే మెక్సికన్ చెయిన్ 2003 అక్టోబర్‌లో ఐపీ పెట్టింది. కొద్ది వారాలకే పెన్సిల్వేనియా బ్రాంచిలో వడ్డించిన ఉల్లికాడల వల్ల హెపటైటిస్-ఎ సోకి ఆరొందల మందికి పైగా జబ్బుపడ్డారు, ప్రాణాలు కూడా పోయాయి. మరుసటి ఏడాదికల్లా అమెరికాలో ఆ హోటళ్ళు లేకుండా పోయాయి. చీచీస్ సాల్సా సీసాలు మాత్రం హార్మెల్ కంపెనీ అమ్ముతూనే వచ్చింది.

మీరు వెళ్ళాలనుకుంటే, మిగిలిన బ్రాంచీలు కొన్ని నడుస్తున్నాయి. మ్యాప్‌లో పాత వివరాలు ఉండొచ్చు, ఫోన్ చేసి మరీ బయల్దేరండి. శాకాహారులైతే ఒక మాట, ఇది ఏ టెక్స్-మెక్స్ హోటల్‌కైనా వర్తిస్తుంది: బీన్స్‌లో పంది కొవ్వు వేశారా, అన్నం చికెన్ నీళ్ళలో వండారా అని రెండూ విడివిడిగా అడగండి. "వెజిటేరియనేనా?" అని ఒక్క ముక్కలో అడిగితే, పైన మాంసం ముక్కలు లేవు కదా అని అవునంటారు. ఒక చోట నేను అలాగే అడిగి, సగం ప్లేటు తిన్నాక తెలుసుకున్నాను.