ఇన్సూరెన్సు కాదంటే చేతులు ముడుచుకోవద్దు

కవిటి నుంచి అమెరికాలోని ఒహాయో వచ్చిన తమ్ముడి ప్రశ్న: "అక్కా, మా ఆవిడకి డాక్టరు ఎమ్మారై రాస్తే ఇన్సూరెన్సు వాళ్లు 'వైద్యపరంగా అవసరం లేదు' అని ఉత్తరం పంపారు. సొంత డబ్బులు పెట్టి చేయించెయ్యమంటారా?"

అప్పుడే జేబులో చెయ్యి పెట్టకు తమ్ముడూ. ముందు అప్పీలు చెయ్యి. సిక్కోలులో ఆరోగ్యశ్రీ కార్డు చూపించి వైద్యం చేయించుకున్న కుటుంబాల వాళ్లం. చేతిలో కార్డుంటే చాలనుకుంటాం. ఇక్కడ డాక్టరు రాసింది అవసరమో కాదో కంపెనీ మళ్లీ తేలుస్తుంది.

ఈ మాట లోపలివాడే బయటపెట్టాడు. వెండెల్ పాటర్ అప్పట్లో సిగ్నా అనే ఆరోగ్య ఇన్సూరెన్సు కంపెనీ ప్రచార విభాగానికి పెద్ద. 2007 జులైలో వర్జీనియాలోని వైజ్ కౌంటీలో ఒక ఉచిత వైద్య శిబిరానికి వెళ్లాడు. పశువుల ప్రదర్శనకు కట్టిన కొట్టాల్లో మనుషులకు వైద్యం చేస్తున్నారు. అదే డిసెంబరులో 17 ఏళ్ల అమ్మాయికి కాలేయ మార్పిడికి సిగ్నా మొదట ఒప్పుకోలేదు. జనం నిలదీశాక ఒప్పుకుంది, కొన్ని గంటలకే ఆ పిల్ల చనిపోయింది. పాటర్ 2008లో ఉద్యోగం వదిలేశాడు. 2009 జూన్‌లో సెనేట్ కమిటీ ముందు నిలబడి, కంపెనీలు ఖాతాదారులను అయోమయంలో పెడతాయని, జబ్బుపడ్డవాళ్లను వదిలించుకుంటాయని చెప్పాడు. అంత జీతం, హోదా వదులుకుని చెప్పిన మనిషి మాటని నేను నమ్ముతాను.

అందుకే ఆ ఉత్తరాన్ని తీర్పు అనుకోవద్దు. ఏ నిబంధన కింద కాదన్నారో రాతపూర్వకంగా అడుగు. మీ డాక్టరు చేత ఎందుకు అవసరమో ఉత్తరం రాయించు, కంపెనీ డాక్టరుతో నేరుగా మాట్లాడమను. అప్పీలుకి 180 రోజుల గడువుంటుంది. ప్రాణం మీదకొచ్చే పరిస్థితైతే 72 గంటల్లో తేల్చాలి. అక్కడా కాదంటే, కంపెనీతో సంబంధం లేని బయటి సమీక్షకి వెళ్లొచ్చు. వాళ్లు అవునంటే కంపెనీ ఒప్పుకోవాల్సిందే. మీ ఆఫీసు హెచ్చార్‌ని కూడా కదుపు. చాలా పెద్ద ఆఫీసుల్లో వైద్యం డబ్బు ఆఫీసుదే, ఇన్సూరెన్సు కంపెనీ లెక్కలు మాత్రమే చూస్తుంది. ఫోన్ చేసిన ప్రతిసారీ తేదీ, మాట్లాడినవాళ్ల పేరు, రిఫరెన్సు నంబరు రాసిపెట్టుకో.

అమ్మానాన్నల్ని రప్పిస్తే మాత్రం ఈ లెక్క వేరు. విజిటర్ ఇన్సూరెన్సుకి ఈ రక్షణలు వర్తించవు. పాత జబ్బులకు చాలా పాలసీలు డబ్బివ్వవు. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. టికెట్టు కొనకముందే ఇద్దరికీ కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించు. కిడ్నీ సమస్య ఉందని తేలితే అక్కడి డాక్టరుని అడిగాకే ప్రయాణం పెట్టుకోండి.