టెలిగ్రామ్‌లో మీ నవల పీడీఎఫ్: ముందు ఈ పని చేయండి

విడుదలైన నెలకే మీ నవల పీడీఎఫ్ టెలిగ్రామ్ చానెల్లో కనిపించిందని రాశారు. చదివి బాధేసింది. టెన్షన్ పడకండి, దారి ఉంది. ముందు లింకు, చానెల్ పేరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. తర్వాత టెలిగ్రామ్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2013 కాపీరైట్ నిబంధనల్లో 75వ నిబంధన ప్రకారం, ఫిర్యాదు సబబుగా ఉంటే 36 గంటల్లో లింకు ఆపాలి. అయితే 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు చూపకపోతే మళ్లీ తెరవొచ్చు. కాబట్టి లాయరుతో ఇప్పుడే మాట్లాడండి. 2022లో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి చానెళ్లు నడిపేవాళ్ల వివరాలు ఇవ్వమని టెలిగ్రామ్‌నే ఆదేశించింది.

ఇంకో మాట. ఈబుక్ ఇంకా రాలేదన్నారు. అమెరికాలో ఉన్న పాఠకుడు కొందామన్నా ఎక్కడ కొంటాడు? మీరు పెట్టిన ఆ పీడీఎఫ్ ఫొటోలో పేజీ అంచున స్కాన్ చేసినవాడి వేలు కూడా పడింది. అయినా జనం అదే చదువుతున్నారు. శుభ్రమైన ఈబుక్ తక్కువ ధరకు పెట్టమని మీ ప్రచురణకర్తను ఈ వారమే అడగండి.