అమ్మలూ, ముందు బండి బయటికి నెట్టు

అమ్మలూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ నాన్న పాత స్ప్లెండర్‌ని నువ్వే బాగుచేసి కాలేజీకి వేసుకెళ్తానన్నావట. సాయంత్రమంతా చోక్ వేసి కిక్ కొడుతూనే ఉన్నావట, వరండా అంతా పెట్రోలు వాసనేనట, ఈ ఆదివారం స్పార్క్ ప్లగ్గు విప్పుతావట. మా మేనకోడలు స్పానరు పట్టుకుంటోందని పొద్దున మన మెకానిక్ షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. సంతోషం సంగతి అక్కడితో సరి. ఇప్పుడు తిట్లు.

మీ వరండా నాకు తెలియనిదా? ఒక పక్క వంటగది కిటికీ, మూలన దోమల కాయిల్. అక్కడా పెట్రోలు బండి పెట్టుకుని కూర్చునేది? పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నేల మీదే పాకుతూ పోయి నిప్పు ఎక్కడ దొరికితే అక్కడ అంటుకుంటుంది. ముందు బండిని బయటికి నెట్టు. కింద కారింది ఆరిపోయేదాకా దాన్ని ముట్టుకోకు. పక్కన ఒక బకెట్టు ఇసుక పెట్టుకో. నీళ్ళు కాదు, ఇసుక. ఫోను జేబులో కాదు, ఇంట్లో పెట్టు.

ఇక పని. చోక్ వేసి అన్ని కిక్కులు కొట్టావు కదా, ఇంజన్లోకి పెట్రోలు ఎక్కువ పోయి ప్లగ్గు తడిసింది. పెట్రోలు కాక్, అదే ట్యాంకు కింది కుళాయి, కట్టెయ్యి. చోక్ తీసెయ్యి. తాళం ఆఫ్‌లో ఉంచి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నెమ్మదిగా ఓ పది కిక్కులు కొట్టు. గాలి లోపలికి పోయి తడి ఆరుతుంది. అరగంట వదిలేసి, తాళం ఆన్ చేసి, యాక్సిలరేటర్ అలాగే తిప్పి పట్టుకుని మళ్ళీ కొట్టు. చాలా బండ్లు ఇక్కడే స్టార్టవుతాయి. అవ్వగానే రేజ్ తగ్గించు, లేకపోతే వీధంతా లేచి కూర్చుంటుంది.

కిక్ మధ్యలో గట్టిగా ఆగిపోతే మాత్రం దాని మీద ఎక్కి నిలబడకు. సిలిండర్‌లో పెట్రోలు నిండిందని అర్థం. గాలైతే నలుగుతుంది గానీ పెట్రోలు నలగదు. బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఇంజను దించాల్సి వస్తుంది. అప్పుడు ప్లగ్గు విప్పి, తాళం ఆఫ్‌లోనే ఉంచి మెల్లగా కొట్టు. ఆ రంధ్రంలోంచి పెట్రోలు చిమ్ముతుంది, ముఖం పక్కకి పెట్టుకో.

ప్లగ్గుకి 16 ఎం.ఎం. స్పానరు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే విప్పు. మొన నల్లగా, తడిగా ఉంటుంది. గుడ్డతో తుడిచి గాలికి ఆరబెట్టు. గ్యాస్ స్టవ్ మీద కాల్చేవాళ్ళున్నారు, ఆ పని నువ్వు చెయ్యకు. బిగించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పు. ప్లగ్గు బిగిసే హెడ్డు అల్యూమినియంది, మర పోయిందంటే చాలా ఖర్చు.

ప్లగ్గు విప్పినవాళ్ళకి వెంటనే పుట్టే బుద్ధి ఒకటుంది, ప్లగ్గుకి కరెంటు వచ్చి నిప్పురవ్వ పుడుతోందో లేదో చూద్దామని. మీ నాన్నకీ అదే పుట్టింది. పెళ్ళయిన కొత్తలో సంక్రాంతికి వచ్చాడు. బండి ఇలాగే పెట్రోలు ఎక్కువై స్టార్టవలేదు. షెడ్డు కట్టేసి వస్తాను, ఉంచమని కబురు పంపాను. కొత్తల్లుడు కదా, ఆగుతాడా? ప్లగ్గు విప్పి, దానికి వైరు క్యాప్ తగిలించి, సరిగ్గా ఆ రంధ్రం పక్కనే హెడ్డుకి ఆనించి పట్టుకుని, తోడల్లుడిని కిక్ కొట్టమన్నాడు. కాక్ కట్టలేదు. తాళం ఆన్‌లోనే ఉంది. కిక్ కొట్టగానే లోపలి పెట్రోలు పొగమంచులా బయటికి చిమ్మింది, పక్కనే నిప్పురవ్వ. చెయ్యి అంటుకుంది. కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో పైపులోంచి కారి ఇంజను కింద మడుగు కట్టిన పెట్రోలూ అంటుకుంది. మీ అమ్మమ్మ కంగారులో బిందెడు నీళ్ళు పోసింది. పెట్రోలు నీళ్ళ మీద తేలుతుంది కదా, మంట నీళ్ళతో పాటు గడపదాకా వచ్చింది. ఎదురింటివాళ్ళ ఇల్లు కడుతున్నారు కాబట్టి వీధిలో ఇసుక కుప్ప ఉంది, అదే కాపాడింది. నేను వచ్చేసరికి మీ నాన్న కనుబొమ్మలు లేకుండా అరుగు మీద కూర్చుని, చెయ్యి నీళ్ళ గంగాళంలో ముంచుకుని ఉన్నాడు. అప్పుడు కూడా నాతో అన్న మొదటి మాట, ‘బావా, కరెంటు మాత్రం బాగా వస్తోంది’ అని.

ఆయన ఎడమ మణికట్టు మీద మచ్చ నీకు తెలుసు. దీపావళి మతాబు కాలిందని నీకు చెప్పాడు. కాదమ్మా, ఇదీ సంగతి. నేను చెప్పానని అనకు.

కరెంటు చూడాలంటే నా షెడ్డులో ఒకటే పద్ధతి. విప్పిన ప్లగ్గు తిరిగి బిగించెయ్యాలి, రంధ్రం మూసుకుపోవాలి. క్యాప్‌ని ఇంకో ప్లగ్గుకి తగిలించి, దాని ఒంటిని ఇంజను ఇనుముకి ఆనించి అప్పుడు కొట్టాలి. అదీ పెట్రోలు వాసన పూర్తిగా పోయాకే.

స్టార్టయిందని సంబరపడకు. మీ నాన్న మస్కట్ వెళ్ళిన దగ్గర్నుంచీ ఆ బండి కదల్లేదు. పాత పెట్రోలు ఎండి, గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ గిన్నెలో జిగురు కడుతుంది. గిన్నె నిండగానే పెట్రోలు ఆపే ఫ్లోట్ నీడిల్ దగ్గర చిన్న నలుసున్నా చాలు, అది మూసుకోదు, పెట్రోలు ఆగకుండా దిగుతూనే ఉంటుంది. కార్బొరేటర్ విప్పి కడగాలి, అది నేనొచ్చాక చేద్దాం. ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి ఆ పాత రబ్బర్లు తట్టుకోవు, పైపు కూడా మార్చాలి. ఇంకో మాట, ఆయిల్ గేజీ తీసి వాసన చూడు. పెట్రోలు వాసన వస్తే అది ఆయిల్లోకి దిగినట్టే. ఆ ఆయిల్‌తో ఇంజను నడపకు, పారబోసి కొత్తది పొయ్యి. ఫోన్లో వీడియోలు చూసి చెయ్యకు. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక స్ప్లెండర్‌కి కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. కొత్త బండికి చెప్పింది మీ బండికి పనికిరాదు.

స్పానరు, రెండు కొత్త ప్లగ్గులు, లీటరు ఆయిలు ఇవాళ ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. రేపు సాయంత్రం బస్టాండుకెళ్ళి తెచ్చుకో. అవి చేతికొచ్చేదాకా తాళం మీ అమ్మ దగ్గరే ఉండాలని చెప్పాను, నా మీద అలగకు. మొదలుపెట్టే ముందు ఫోన్ చెయ్యి. షెడ్డులో చప్పుడుకి వినపడకపోతే మళ్ళీ చెయ్యి.

మీ మావయ్య