థాయిలాండ్‌లో ఫ్యాక్టరీ మూసేశాం, భూమి మాత్రం ఉంచుకోవచ్చా?

ప్రశ్న: మాకు హైదరాబాద్‌లో ప్లాస్టిక్ విడిభాగాల కంపెనీ ఉంది. మా తమ్ముడి పట్టుదల వల్లే థాయిలాండ్‌లోని చోన్‌బురిలో అనుబంధ కంపెనీ పెట్టాం. అక్కడి పెట్టుబడుల బోర్డు ఇచ్చిన ప్రోత్సాహకాలతో ఆరు రై (అక్కడి భూమి కొలత) భూమిని పూర్తి ధర చెల్లించి కంపెనీ పేరున కొన్నాం. వాటాలన్నీ మావే. 2023లో తమ్ముడు పోయాడు. నేను ఒక్కడినే నడపలేక 2024 సెప్టెంబరులో చివరి సరుకు పంపి ఉత్పత్తి ఆపాను. 2025 జనవరిలో యంత్రాలు అమ్మేశాను, మార్చిలో బోర్డుకు ఉత్తరం రాశాను. ఇప్పుడేమో భూమి అమ్మేయాలంటున్నారు. అది తమ్ముడి జ్ఞాపకం. మా డబ్బుతో కొన్న భూమిని మేమెందుకు అమ్మాలి? 51 శాతం వాటాలు తన భార్య పేరుకు, డ్రైవరు పేరుకు మారిస్తే కంపెనీ థాయి కంపెనీ అవుతుందని, భూమి ఎప్పటికీ మనదేనని అక్కడి అకౌంటెంటు చెబుతున్నాడు. అలా చేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం మీ తమ్ముడి గురించే రాశారు. కేసును తేల్చేది మాత్రం మీరు దారిన పోతూ చెప్పినట్టు రాసిన ఒక్క మాట: 2024 సెప్టెంబరులో ఉత్పత్తి ఆగింది. ఈ జవాబు రాస్తున్నది 2025 నవంబరులో. ఈ రెండు తేదీల మధ్య దూరమే మీ సమస్య.

థాయిలాండ్ భూమి చట్టం 1954 నాటిది. దాని 86వ సెక్షన్ ప్రకారం విదేశీయులకు భూమి హక్కు రావాలంటే దేశాల మధ్య ఒప్పందం ఉండాలి. అలాంటి ఒప్పందం ఏదీ ఇప్పుడు అమల్లో లేదు. 49 శాతానికి మించి వాటాలు విదేశీయుల చేతుల్లో ఉన్న కంపెనీ అక్కడే రిజిస్టరైనా సరే, భూమి విషయంలో 97వ సెక్షన్ కింద విదేశీయుడితో సమానం. కాబట్టి మీ కంపెనీకి మామూలుగా ఆ భూమి కొనే అర్హత ఏనాడూ లేదు. అయినా కొనగలిగారంటే కారణం 1977 నాటి పెట్టుబడుల ప్రోత్సాహక చట్టంలోని 27వ సెక్షన్. బోర్డు ఆమోదించిన వ్యాపారం నడపడానికి, బోర్డు తగినదని భావించిన మేరకు, భూమి సొంతంగా ఉంచుకోవచ్చని అది చెబుతుంది. ఆ వెంటనే రెండో మాట కూడా చెబుతుంది: ఆ వ్యాపారం ఎత్తేసినా, ఇతరులకు బదలాయించినా, ఆ రోజు నుంచి ఏడాదిలోగా భూమి అమ్మేయాలి. అమ్మకపోతే భూమి శాఖ డైరెక్టర్ జనరల్ అమ్మేస్తారు.

మీరు ధర మొత్తం చెల్లించారు, నిజమే. కానీ హక్కు ధరతో రాలేదు, ఫ్యాక్టరీతో వచ్చింది. ఫ్యాక్టరీ పోయాక మీ చేతిలో మిగిలింది గడువు మాత్రమే.

ఆ గడువు ఎప్పుడు మొదలైంది? సెప్టెంబరు నుంచి లెక్కిస్తే ఇప్పటికే దాటిపోయింది. యంత్రాల అమ్మకం నుంచి అయితే రెండు నెలలుంది, మీ ఉత్తరం తేదీ నుంచి అయితే మార్చి దాకా ఉంది. అన్నిటికంటే చివరి తేదీని పట్టుకుని ధీమాగా ఉండకండి. మీరు ఏమని రాశారన్నదానికన్నా పని నిజంగా ఎప్పుడు ఆగిందన్నదానికే బరువెక్కువ. ఆ సంగతిని మీ కరెంటు బిల్లులు, కార్మికుల సామాజిక భద్రతా చందాల రసీదులు, యంత్రాల అమ్మకపు ఇన్వాయిస్‌లు చెబుతాయి. సెప్టెంబరు తర్వాత చిన్న ఆర్డరైనా పూర్తి చేశారా? మరమ్మతుల కోసమని కొన్నాళ్లు మనుషులను ఉంచారా? కాగితం ఉంటే బయటికి తీయండి. లేనిదాన్ని పుట్టించకండి. మన కోర్టుల్లోలా ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషన్ పడేయవచ్చులే అనుకుంటున్నారేమో, 27వ సెక్షన్ వాక్యాల్లో అలాంటి వెసులుబాటు లేదు.

మీకు మేలు చేయగల అంశం ఒకటి ఉంది. దాన్ని మీరు ఉత్తరంలో రాయనే లేదు. ఆ స్థలం థాయి పారిశ్రామిక వాడల సంస్థ పరిధిలోని వాడలో ఉందా, బయట ఉందా? ఆ సంస్థకు 1979 నాటి విడి చట్టం ఉంది. దాని 44వ సెక్షన్ కింద పొందిన భూమికైతే గడువు ఏడాది కాదు, మూడేళ్లు. అయితే అమ్మాల్సింది ఆ సంస్థకో, మీ వ్యాపారం తీసుకున్నవారికో. ‘ఇండస్ట్రియల్ పార్క్’ అని గేటు మీద బోర్డు ఉంటే సరిపోదు, ప్రైవేటు వాడలు కూడా ఆ పేరు పెట్టుకుంటాయి. భూమి అనుమతి లేఖలో ఏ చట్టం, ఏ సెక్షన్ రాశారో చూడాలి. పదకొండేళ్ల క్రితం కోట్లు పెట్టి కొన్న భూమికి అనుమతి లేఖ నకలు మీ దగ్గర లేదంటే ఏమనాలి? మీరు పంపింది చనోట్ (థాయి భూమి హక్కు పత్రం) ముందు పేజీ ఫొటో ఒక్కటే. పైన ఎర్రటి గరుడ ముద్ర కనబడుతోంది, అది పూర్తి హక్కు పత్రమే. కాని లావాదేవీలు వరుసగా నమోదయ్యేది వెనక పేజీలోని పట్టికలో. అది లేకుండా తాకట్టు ఉందో లేదో కూడా చెప్పలేను. అన్నట్టు, అందులోని 2557 సంవత్సరం చూసి కంగారు పడ్డానన్నారు. అది బౌద్ధ శకం. 543 తీసేస్తే 2014 వస్తుంది.

ఇక అకౌంటెంటు సలహా. వద్దు. ఆయన భార్య, డ్రైవరు ఆ వాటాలకు సొంత డబ్బు చెల్లిస్తారా? చెల్లించరు. అంటే మన భాషలో బినామీలు. 1999 నాటి విదేశీ వ్యాపార చట్టం 36వ సెక్షన్ కింద పేరు ఇచ్చిన థాయి పౌరుడికీ, ఇప్పించుకున్న విదేశీయుడికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష నుంచి పది లక్షల బాట్ల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విదేశీయుడి బదులు ఇంకొకరు ఉంచుకున్న భూమిని అమ్మించే అధికారం భూమి చట్టం 96వ సెక్షన్ ఇస్తుంది. అధికారులు ఆ డ్రైవరును పిలిచి వాటాలకు డబ్బు ఎక్కడిదని అడిగితే అతను ఏం చూపిస్తాడు? ఒకవేళ అధికారులు చూడకపోయినా, సగానికి పైగా ఓట్లు అకౌంటెంటు ఇంటి మనుషుల చేతిలో ఉంటాయి. రేపు వాళ్లు భూమి అమ్ముకుంటే, వాళ్లు మా బినామీలని ఏ కోర్టులో చెప్పుకుంటారు? ఈ సరికే ఏదైనా బదిలీ పత్రంపై సంతకం చేసి ఉంటే దాన్ని వాడవద్దని ఈ రోజే రాతపూర్వకంగా తెలియజేసి, మూల ప్రతి వెనక్కు తీసుకోండి.

ఇప్పుడు చేయాల్సింది. అకౌంటెంటును పక్కన పెట్టి థాయి న్యాయవాదిని పెట్టుకోండి, అక్కడి కోర్టులో నేను నిలబడలేను. ఆయన ద్వారా ఈ వారంలోనే భూమి కార్యాలయం నుంచి చనోట్ రెండు వైపుల ధ్రువీకృత నకలు, బోర్డు నుంచి అనుమతి లేఖ నకలు తెప్పించండి. అవి వచ్చేదాకా ఆగకుండా అమ్మకం మొదలుపెట్టి, ఆ ప్రయత్నాన్ని బోర్డుకు ఉత్తరంలో తెలపండి. బ్రోకరు ఒప్పందం, ధర నిర్ధారణ నివేదిక జతచేయండి. ఏడాది దాటిందని తేల్చినా, ప్రభుత్వం అమ్మేలోపు కొనేవాణ్ణి చూపించగలిగితే ధర విషయంలో మీకు మాట ఉంటుంది. నిజమైన థాయి కొనుగోలుదారు దొరికితే పని త్వరగా తెములుతుంది. మరో విదేశీ కంపెనీ కొనాలంటే దానికి విడిగా బోర్డు అనుమతి కావాలి, అందుకు సమయం పడుతుంది.

ఆ చోటుతో బంధం తెగకూడదనుకుంటే కొన్నవారి నుంచే లీజు తీసుకోండి. సాధారణంగా గరిష్ఠం 30 ఏళ్లు. మూడేళ్లు మించితే భూమి కార్యాలయంలో రిజిస్టరు చేయించాలి.

అమ్మిన డబ్బు విషయంలో మన చట్టమూ ఉంది. 2022 నాటి విదేశీ పెట్టుబడుల నిబంధనల ప్రకారం అక్కడి కంపెనీని మూసేశాక హైదరాబాద్ కంపెనీకి రావాల్సిన సొమ్మును 90 రోజుల్లో భారత్‌కు తెప్పించాలి. ఏటా డిసెంబరు 31లోగా బ్యాంకుకు ఇవ్వాల్సిన వార్షిక నివేదికలు తమ్ముడు పోయాక ఎవరు వేశారో మీరు రాయలేదు. వేయలేదనే నా అనుమానం. రేపు బ్యాంకుకు వెళ్లినప్పుడు ముందు ఆ సంగతి అడగండి.